పట్నపు వాస్తువిద్యయు కోనసీమ యిండ్లును

వేసవి వచ్చినదనిన మా కచేరీ గదికి రెండు తెగల జనులు వచ్చుచుందురు. దాళ్వా పంట సొమ్ము చేతికందినది గావున అన్నదమ్ముల వాటాలు తేల్చుకొందమని వచ్చువారొక తెగ. ఇంటరు పరీక్షలో నుత్తీర్ణుడైన కుమారుని వెంటబెట్టుకొని, వీనినెందులో చేర్పింపవలయునో చెప్పుమని వచ్చువారు రెండవ తెగ. ప్లీడరైనవానికి తెలియని సంగతి యుండదని మన జనులలో నొక భ్రమ గలదు; ఆ భ్రమవలననే మాకు భుక్తి గడచుచున్నది గనుక దానిని ఖండించుటకు మేమెన్నడును పూనుకొనలేదు. ఈ యేడు ఆ రెండు తెగలును ఒకే దినమున మా గుమ్మమెక్కుట తటస్థించినది. ఇరువురి వ్యవహారమును ఒక్కటే యని ఆనాటి రాత్రి మాకు దోచినది. ఆ సంగతినే పాఠకుల యెదుట బెట్టుచున్నాము.

ఉదయము వచ్చినవారు రాజోలు ప్రాంతపు రైతు. "మావాడు ఆర్కిటెక్చరు చదువుతానని పట్టుబట్టాడండి ప్లీడరుగారూ. ఐదేళ్ళంటండి. ఐదేళ్ళు చదివి ఇళ్ళు కట్టడమేంటండీ? మన మేస్త్రీ కట్టట్లేదా?" అని వారు మొఱపెట్టుకొనిరి. కుఱ్ఱవాడు ద్వారబంధమునకు జేరబడి మా పాత పెంకుటింటి దూలముల వంక జూచుచుండెను. ఈ చదువే కోరుచున్నావా యని యడుగగా "ఆయ్" అని తలయూపెను. చదివిన పిదప ఏమి చేయుదువంటిమి. హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఏదోయొక ఆఫీసులో చేరెదననెను. మన యూరికి రావా యంటిమి. "ఇక్కడేం పనుంటదండీ?" అనెను.

ఆ ప్రశ్నకు మేము బదులు చెప్పలేకపోయితిమి. ప్లీడరు నోరు మూతపడుట అరుదు, ఆనాడు పడినది.

మధ్యాహ్నము కొత్తపేట ప్రాంతమునుండి ముగ్గురన్నదమ్ములు వచ్చిరి. తండ్రిగారు గతించి రెండేండ్లైనది. పొలము పంచుకొనిరి, తోట పంచుకొనిరి. మిగిలినది తాతలనాటి మండువా లోగిలి. దానికై విభాగపు దావా వేయవలయునట!

ఇట్టి యిండ్లను మేము చాలకాలముగ నెఱుగుదుము. విభాగపు దావాలో ప్రాథమిక డిక్రీ యైన పిదప, ఆస్తిని ఎల్లలతో పంచి చూపుటకై న్యాయస్థానము ఒక వకీలును కమీషనరుగా నియమించును. ఆతడు సర్వేయరును వెంటబెట్టుకొని పోయి, టేపుతో నిల్లంతయు గొలిచి, పటము గీయించి, దానిపై ఎఱ్ఱగీతలతో వాటాలు చూపి, నివేదిక దాఖలు చేయును. పొలమునకిది చక్కని పద్ధతి. కొబ్బరితోటకును ఫరవాలేదు, చెట్లు లెక్కించి సరిపుచ్చవచ్చును. మండువా లోగిలి మాత్రము పొలము వంటిది గాదు. పంచుటకు వీలులేని యాస్తిని అమ్మి సొమ్ము పంచుటకు 1893 నాటి విభాగ చట్టము దారి చూపుచున్నది గాని, తాతగారి యిల్లు పరులకు పోరాదను పట్టుదలతో మనవారు పెక్కుమారులు గీతనే కోరుదురు.

పదునైదేండ్ల క్రిందట మేము కమీషనరుగా పోయిన యొక యింటిలో మా యెఱ్ఱగీత మండువా నడిమిగుండ పోయినది. చదరపు గజములు సరిగా సరిపోయినవి. ఇరుపక్షములవారును అభ్యంతరము దాఖలు చేయలేదు. మాకు రావలసిన ఫీజు వచ్చినది. గీతమీద గోడ లేచినది. నాలుగు వైపుల కప్పులనుండి జారు వాన మండువాలో బడి తూముగుండ వెలికి పోవుట ఆ యింటి యేర్పాటు. తూము అన్నగారి వాటాకు వచ్చినది, తమ్మునిగారి నీటికి దారి లేకపోయినది. మూడు వర్షఋతువులు గడచునప్పటికి గోడల యడుగులు నానిపోయినవి. దావాలో నేడేండ్లు పోరాడిన యన్నదమ్ములు ఇల్లు పడగొట్టు విషయమున మాత్రము ఏకాభిప్రాయమునకు వచ్చిరి. టేకు స్తంభములను పాతకలప వర్తకుడు లారీకెత్తించుకొనిపోయెను. అటు తరువాత హైదరాబాదులో నొక భోజనశాల ముఖద్వారమున పద్మములు చెక్కిన యిట్టి ద్వారబంధమునే చూచితిమి. అదే యిది యని చెప్పలేము. భోజనము మాత్రము రుచింపలేదు.

మా యెఱుకలో కోనసీమ పాత యిండ్లకు కొలతపటములు గీయించినవారు మావంటి కమీషనర్లే. ఇండ్లను నిలుపుటకు గీయింపలేదు, కోయుటకు గీయించితిమి. "ఇక్కడేం పనుంటదండీ" అని యా బాలుడడిగినపుడు మా నోరు మూతపడుటకు కారణమిదియే. పని యున్నది. దానిని చేయవలసినవారు లేకపోగా, చేతగానివారము మేము చేయుచున్నాము.

ఆ యిల్లు ఎట్టిదో ఒకింత విచారింతము. గౌతమి, వైనతేయ, వసిష్ఠ పాయల నడుమ ఒండ్రు పేరుకొని యేర్పడిన నేల మనది. కొలది లోతుననే నీరు తగులును. వేసవిలో బీటలు వాఱును, వానలో నుబ్బును. ఇట్టి నేలపై గట్టినవాడు మొదట చేసిన పని యెత్తు పునాది. మెట్లెక్కిగాని యరుగు చేరలేము. దళసరి గోడలు, గానుగ సున్నము, గోదావరిపై తెప్పలుగా దిగివచ్చిన మన్యపు టేకు, పైని పెంకు. చూరు గోడను దాటి ముందునకు వంగియుండుటచే ఎండయు వానయు గోడను నేరుగా తాకవు. నడుమ మండువా: ఇంటిలోని వేడిగాలి ఆ దారిని పైకి పోవుచుండ, పెరటిచెట్ల నీడనుండి చల్లగాలి గదులలోనికి వచ్చుచుండును. మా మాతామహుల యింట వైశాఖ మాసపు మధ్యాహ్నములందు నేలపై చాప పఱచుకొని మేము నిద్రించితిమి. విసనకఱ్ఱ యెవరి చేతనుండెనో జ్ఞాపకము లేదు. పైన అటక. ఆ యటకపై కొబ్బరికాయ నెలల తరబడి నిలిచి, లోని నీరింకి, కురిడీయై, అంబాజీపేట విపణిలో మంచి వెల పలుకును. అనగా ఆ యిల్లు నివాసమొక్కటే గాదు, రైతునకు గిడ్డంగి. పంటను పక్వము చేయు సాధనము గూడ.

దీనిని కల్పించినది పేరులేని వడ్రంగులును తాపీమేస్త్రీలును. కనుమనాడు మొసలపల్లి జగ్గన్నతోటకు ప్రభలు వచ్చుట చూచినవారికి ఆ నేర్పు వేరుగ చెప్పనక్కఱలేదు. వెదురును త్రాళ్ళును గుడ్డలును గూర్చి ఇంటికి మించిన యెత్తున నిలిపి, వరిచేలగుండ నడిపించి, కౌశికలోనికి దింపి దాటించి, ఒరుగనీయక తెత్తురు. 2023 గణతంత్రదినమున ఢిల్లీ వీధిలో మన రాష్ట్ర శకటముగ నూరేగినది ఆ ప్రభలతీర్థమే. బొమ్మ ఢిల్లీకి పోయినది. ఆ త్రాటిముడి యెట్లు వేయుదురో ఏ తరగతిలో నేర్పుచున్నారో మాకు కానరాలేదు.

ప్లీడరుగారు పాతకాలమును కీర్తించుచున్నారని యెవరైన దలచినచో అది పొరపాటు. ఆ మండువాలో నెవ్వరు అడుగుపెట్టగలిగిరో మేమెఱుగుదుము. దూలమెత్తిన కూలివాడు గృహప్రవేశమునాడు అరుగు క్రిందనే నిలువవలసివచ్చినది. అతని కొంప ఊరిచివర పల్లమున, తాటాకు కప్పుతో నుండెను. 1986 ఆగస్టు వరదలో ముందు మునిగినది ఆ కొంప. 1996 నవంబరు 6 రాత్రి తుపాను మన సీమపై విఱుచుకుపడి వేయిమందికి పైగా బలిగొన్నపుడు ముందు లేచిపోయినది ఆ కప్పు. మేమప్పుడు పాఠశాలలో నుంటిమి. తెల్లవారి లేచి చూడగా కొబ్బరిచెట్టన్నది నిలువుగ నుండెడిదని మఱచిపోవలసివచ్చినది. ఆ రాత్రి గడపినవాడు తన బిడ్డలపై స్లాబు కోరుట భోగము గాదు. అతనికి మండువా సౌందర్యమును గూర్చి యుపన్యసించుట క్రూరత్వము. మా వాదము స్లాబుపై గాదు, ఆలోచన లేని స్లాబుపై.

గల్ఫు దేశములలో చెమటోడ్చి, బిడ్డల ముఖము చూడక దాచిన సొమ్ము తెచ్చి మన స్త్రీపురుషులిండ్లు కట్టుకొనుచున్నారు. ఆ సొమ్ముతో లేచుచున్నదేమి? టెలిఫోను తెరపై నెక్కడనో చూచిన ముఖభాగము. పడమటి యెండకెదురుగ గాజు. వానకు గొడుగులేని కిటికీ. మధ్యాహ్నమునకు పెనమువలె కాలు కప్పు. ఆ వేడిని తోలుటకు నెలనెల విద్యుత్తు బిల్లు. వీధిమట్టమునకు మించిన మెరక తోలుటచే పొరుగువాని పెరటిలో నీరు నిలుచును. ఆ నీరు తుదకు మా కచేరీకే పారును. ఈ ప్లాను గీచినదెవరు? దుకాణమువారు. ఒక దినమున గీసి యిచ్చిరి. ఇంటివారు ఏటిగట్టున నున్నారో, మెట్టన నున్నారో వారడుగలేదు.

దుకాణమువానికంటె పైని యధికారి యొకడు గలడు. ఆతడు వాస్తు చూచువాడు. తెలుగున వాస్తు అను మాటకు పట్టిన దుర్గతి చూడుడు. నివాసయోగ్యముగ గట్టు శాస్త్రమునకు పేరైన యా పదము నేడు మెట్లను పడగొట్టుటకును, నూతిని పూడ్చుటకును మిగిలినది. రాజోలు బాలుడు వాస్తువిద్య చదువుదునని తాతగారితో ననినచో, నాయనా ముహూర్తము గూడ నీవే పెట్టుదువా యని యడుగుదురు. ఈశాన్యమునకై లక్షలు పోయువారు వాస్తుశిల్పికి వేలియ్యవలసివచ్చిన, కాగితముమీద గీతలకింతయా యందురు.

చట్టము కాపాడుచున్నదా? 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టమును మాతోగూడ చదువుడు. మండలిలో నమోదు గానివాడు ఆర్కిటెక్టునని చెప్పుకొనరాదని 37వ సెక్షను శాసించుచున్నది. ఆ నిషేధము బిరుదుకే గాని ఆ పని చేయుటకు వర్తింపదని సుప్రీముకోర్టు 2020లో తీర్పు చెప్పినది. చట్టములోని మాటను బట్టి చూడ ఆ తీర్పు సరియైనదే. ఫలితమేమనగా, పేరుకు కావలి గలదు, యింటికి లేదు.

ప్రభుత్వమువారి సంగతి వేరుగానున్నదా? 2020 డిసెంబరు 25న మన పూర్వపు తూర్పుగోదావరి జిల్లాలోని కొమరగిరిలోనే ఇండ్లస్థలముల పంపకమారంభమైనది. పట్టణమున ఒక సెంటు, పల్లెలో సెంటున్నర. ఒక సెంటనగా 48 గజములకు కొంచెము పైమాట. ఇంటి నమూనా 340 చదరపుటడుగులు. పేదకు నిలువనీడ యిచ్చుట గొప్ప పని. దానిని నిందించు నోరు మాకు లేదు. తరువాతి ప్రభుత్వము పట్టణమున 2, పల్లెలో 3 సెంట్లిత్తుమనినది. సెంట్లు పెరుగుటతో సరియా? అనంతపురపు రాతినేలపై నిలుచు నమూనాయే మన లంకనేలకును పనికివచ్చునా? బండారులంక నేతగాని యింటిలో గుంటమగ్గమునకు చోటేది? మగ్గము లేని యింట ఆతడు నిద్రించును, సరే, భుజించుట యెట్లు? కొబ్బరికాయకు అటక యేది? వరదవేళ పెట్టె బేడా ఎత్తిపెట్టు చోటేది? ఇవి ఖర్చుతో తీరునవి గావు, ఆలోచనతో తీరునవి. 340 అడుగులలోనే తీర్పగల బుద్ధిమంతుడు కావలెను. అతనిని ఐదేండ్లు చదివించి, తీసికొనిపోయి, ఆకాశహర్మ్యములలో లిఫ్టు ముందరి రాళ్ళను గీయుటకు పెట్టుచున్నాము.

రాజధానినైన మనవారు గీయుదురనుకొంటిమి. 2015 అక్టోబరు 22న అమరావతికి శంకుస్థాపన జరిగినది. 2016లో జపానుకు చెందిన మాకీ సంస్థను ఎన్నుకొనిరి. ఆ పోటీలో నోడినవారిలో మన దేశపు బాలకృష్ణ దోషి గారొకరు. వారికే 2018లో ప్రిట్జ్‌కర్ బహుమానము వచ్చినది! మాకీని విడిచి లండను నగరపు నార్మన్ ఫోస్టర్ సంస్థను పిలిచిరి. నమూనాలు నచ్చక చలనచిత్ర దర్శకుని సలహా గూడ నడిగిరి. పైదేశమువారి నేర్పుపై మాకు ద్వేషము లేదు. కాని యీ యూరేగింపులో తెలుగు వాస్తుశిల్పి యెక్కడ నిలిచెనని మా ప్రశ్న. బహుశః పటములను పెద్దకాగితముపై అచ్చుతీయుచుండెనేమో.

ఇక చదువు. దారులు లేకపోలేదు. విజయవాడలో 2008లో కేంద్రమువారు స్థాపించిన స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ గలదు. విశాఖలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు శాఖ గలదు. హైదరాబాదున జవహర్‌లాల్ నెహ్రూ పేరిటి వాస్తుశిల్ప లలితకళా విశ్వవిద్యాలయము గలదు గాని, 2014 విభజనచట్టము పూర్వపు ప్రవేశకోటాలకిచ్చిన పదేండ్ల గడువు 2024 జూన్ 2తో తీరినది. మన పిల్లలకు అది నేడు పొరుగూరు. నాటా యను పరీక్ష వ్రాసి, పది సెమిస్టర్లు చదివి, అందొక భాగము ఏదైన ఆఫీసులో శిక్షణగ గడపవలయును. ఆ శిక్షణకు మన పిల్లలు పోవునది మహానగరములకే. రాత్రులు మేల్కొని, ఇచ్చినంత పుచ్చుకొని, పరుల బాల్కనీలు గీయుదురు. చదువులో భాగముగ పాత యిండ్లను కొలుచుటకు చెట్టినాడు పోవుదురు, అహమ్మదాబాదు పోళ్ళు చూచి వత్తురు. మంచిదే. రావులపాలెపు వంతెన దాటి మన లోగిళ్ళకు టేపు పట్టుకొని వచ్చినవారిని మేము చూచుట మిక్కిలి యరుదు.

పట్నమునకు పోవుటయే తప్పని మేమనము. 1916లో రాజమహేంద్రవరపు దామెర్ల రామారావు బొంబాయి జె.జె. కళాశాలకు పోయెను, పంపినవాడు ఆంగ్లేయుడైన ప్రిన్సిపాలు కూల్డ్రే. ఆ పాఠశాలయందే వాస్తువిద్య గూడ పెరిగినది. 1917లో అచ్చటి పట్టభద్రులు స్థాపించుకొనిన సంఘమే 1929లో భారత వాస్తుశిల్పుల సంస్థ యైనది. రామారావు నేర్చినది చిత్రలేఖనము గాని యిల్లు గట్టుట గాదు. ఐనను మాకు ఆతని కథలో కావలసినది రెండవ సగము. ఆతడు తిరిగి వచ్చెను. గోదావరి యొడ్డున చిత్రకళాశాల బెట్టెను. 1925లో ఇరువదియెనిమిదేండ్లు నిండకుండనే మశూచి వాతబడెను గాని, ఆ కొలది యేండ్లలో ఆంధ్రచిత్రకళ యను మాటకు అర్థము గల్పించి పోయెను. బొంబాయిలోనే నిలిచియున్న ఎక్కువ యార్జించి యుండును, సందేహము లేదు.

పొరుగున నున్న సింహళమున జెఫ్రీ బావా గారు తొలుత న్యాయవాది. 1944లో బారిస్టరై, ఆ వృత్తి రుచింపక, మరల లండనులో చదివి 1957లో ముప్పదియెనిమిదవ యేట వాస్తుశిల్పి యయ్యెను. ముంగిలియు పెంకుకప్పును గల తన దేశపు యింటిని క్రొత్త సిమెంటు కాలమునకు తగునట్లు మలచి లోకమును తనవైపు ద్రిప్పుకొనెను. (మా వృత్తిలో నుండి మంచిపనికి తొలగిపోయినవారును గలరని యిందువలన దెలియుచున్నది. మాకు వయస్సు మించినది.) కొబ్బరిచెట్ల కేరళమున లారీ బేకరు చేసిన పని మనకింకను దగ్గర. స్లాబులో కాంక్రీటు బలమీయని చోట పాతపెంకులు పొదిగి, సిమెంటును ఖర్చును వేడిని గూడ తగ్గించెను. ఇటుకను నిలువున పేర్చి నడుమ బోలు విడిచి గోడగట్టి, ఇటుకలు మిగిల్చి యిల్లు చల్లబఱచెను. 1985లో నెలకొల్పిన కాస్ట్‌ఫర్డ్ సంస్థ ఆ పద్ధతిని మేస్త్రీలకు నేర్పినది. ఆ పెంకు మనయొద్ద లేదా? గోదావరి మట్టితో కాల్చిన యిటుక మనయొద్ద లేదా? పాతయిల్లు పడగొట్టినపుడెల్ల పెంకులను గుంటలు పూడ్చుటకు తోలుచున్నాము గదా!

కాబట్టి రాజోలు రైతుగారికి మేము మరుదినమున జాబు వ్రాసితిమి: పిల్లవానిని పంపుడు. ఐదేండ్లకగు సొమ్ము భారమే. కాని యింజనీరింగు చదివించి హైదరాబాదు అద్దెగదిలో నిరుద్యోగిగా పోషించుటకంటె భారము గాదు. సెలవులకు వచ్చినపుడెల్ల వానిచేత ఊరిలో నొక యిల్లు కొలిపింపుడు. డాక్టరు బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ 2022లో జిల్లా యైనది. కలెక్టరున్నారు, ఇంజనీర్లున్నారు, సచివాలయమున్నది. గృహనిర్మాణమునకు బాధ్యుడుగ నొక వాస్తుశిల్పిని జిల్లాకు నియమింపుడని పఠనమందిరముల పక్షమున అర్జీ వ్రాయుచున్నాము. శిక్షణ సెమిస్టరును ఆ యధికారి క్రింద అమలాపురమున గడపుటకు కళాశాలలంగీకరింపవలయుననియు నందు వ్రాసితిమి. చేవ్రాళ్ళకు కాగితము మా కచేరీలో నున్నది.

ముగ్గురన్నదమ్ముల దావా మేమింకను వ్రాయలేదు. మండువాను ఉమ్మడిగ నుంచి, మూడు పంచలను మూడు వాటాలుగ, వేరు వంటిండ్లతో వేరు గుమ్మములతో పంచుకొనరాదా యని యడిగితిమి. ఉమ్మడి హక్కును రాజీడిక్రీలో వ్రాయుట మా పని. అది మాకు వచ్చును. ఏ దూలము కదపరాదో, అడ్డుగోడ యెక్కడ రావలయునో, మరుగుదొడ్ల నీరెటు పోవలయునో చెప్పుట మాకు రాదు. ప్లాను గీయువారి నడిగితిమి. "పడగొట్టి కట్టుకుంటేనే చవకండీ" అనిరి. పెద్దవారును రెండవవారును దసరావరకు ఆగుదుమనిరి. చిన్నవారు పట్నములో నున్నారు. వారికి సొమ్ము కావలెనట, ఇంకను మాట యీయలేదు. విజయవాడలో చదువుచున్న మన ప్రాంతపు విద్యార్థులిరువురు సెలవులలో వచ్చి యిల్లు కొలిచెదమనిరి. టేపు రెండవకొన పట్టుటకు రాజోలు బాలుడు వచ్చుచున్నాడు. టేపు మాది, కమీషనరు పనికి కొన్నదే.